క్రీ.శ. 127లో రోమ్ వెళ్ళే గోదారోళ్ళకి గైడు

గట్టుమీద మాస్టారు (రాజమండ్రి)

వేసవి ప్రయాణాల చర్చలో ఎవరో "ఊటీ, అరకు కాకుండా కొత్తగా ఏదన్నా చెప్పండి" అని అడిగారు. కొత్తవి నాకు తెలీవు. పాతది చెప్తాను: రోమ్, క్రీ.శ. 127. ఆ ఏడే ఎందుకంటే, కొలోసియం తెరిచి అప్పటికి నలభై ఏళ్ళు దాటింది, ట్రాజన్ చక్రవర్తి కట్టించిన స్నానశాలలూ అంగళ్ళూ ఇంకా కొత్తవే, పాంథియన్ గుడి గోపురం అప్పుడప్పుడే పూర్తయింది. హేడ్రియన్ చక్రవర్తి కాలు నిలవని మనిషి, అయినా ఆ ఏడు ఇటలీలోనే ఉంటాడు. ఊళ్ళో పది లక్షల మంది ఉండేవారని చరిత్రకారుల అంచనా.

ముందు దారి. మన తీరాన్ని గ్రీకు నావికులు మసాలియా అనేవాళ్ళు. ఇక్కడ నేసే సన్నబట్ట వాళ్ళ ఓడదారుల పుస్తకంలోకి ఎక్కింది. ఇక్కణ్ణుంచి తీరం వెంబడి పడవల్లో దక్షిణంగా పోయి, చుట్టు తిరిగి మలబారులో ముచిరి రేవు చేరాలి. అక్కడ పెద్ద ఓడ ఉంటుంది. డిసెంబరులోనో జనవరి మొదట్లోనో ఈశాన్యపు గాలి అందుకుని ఎర్రసముద్రంలో బెరెనికే. దిగాక ఎడారిలో ఒంటెలతో 12 రోజులు, ఎండకి తాళలేక నడకంతా రాత్రిళ్ళే. కోప్టోస్ దగ్గర నైలు నది తగుల్తుంది, నది వాలున పోతే అలెగ్జాండ్రియా. చలికాలం మధ్యధరా సముద్రం మూత. మార్చి దాటాక గోధుమల ఓడ ఎక్కితే జూన్ ఆఖరుకి రోమ్. సరిగ్గా అప్పుడే చేరాలి కూడా, అద్దె ఇళ్ళు చేతులు మారేది జూలై 1న.

పట్టుకెళ్ళాల్సింది మిరియాలు. ప్లినీ అనే పెద్దాయన ధరలు డెనేరియస్ అనే రోమన్ వెండి నాణేల్లో రాసిపెట్టాడు: నల్ల మిరియాలు పౌను 4 డెనేరియస్‌లు, తెల్లవి 7, పిప్పళ్ళు 15. వాళ్ళ పౌను మన లెక్కలో 327 గ్రాములు. స్నానశాల టిక్కెట్టు డెనేరియస్‌లో 64వ వంతు. పౌను నల్ల మిరియాలు అమ్ముకుంటే 256 స్నానాలన్నమాట. కాకపోతే ఈజిప్టులో సుంకం వాళ్ళు నాలుగో వంతు లాగేస్తారు. బతిమాలినా లాభం లేదు.

ఆఖరిది, అసలైనది. అది ఇంట్లో కూర్చోడానికి కట్టిన ఊరు కాదండి. నీళ్ళు వీధిలో, తిండి వీధిలో, స్నానం వీధిలో, మిగతావి కూడా వీధిలోనే. గదికి డబ్బు తగలెయ్యకండి.

బుల్లెబ్బాయి (అమలాపురం)

ఆయ్, బాగుందండి. అన్నట్టు మాస్టారూ, మా అమ్మ ఆవకాయ జాడీ ఒకటి కట్టిస్తానంటోంది. ఒంటె మీద ఒలకదు కదండీ?

గట్టుమీద మాస్టారు

127లో ఆవకాయేంటి నాయనా. మిరపకాయని పోర్చుగీసు వాళ్ళు తేవాలి, దానికి ఇంకో పధ్నాలుగు వందల ఏళ్ళు ఆగాలి. రోమ్ దాకా ఎందుకు, నువ్వు బయల్దేరే చోటే దొరకదు. టమాటా, బంగాళాదుంప, కాఫీ, టీ రెండు చోట్లా లేవు. ఆవపిండీ మిరియాలూ ఉన్నాయి, వాటితో సర్దుకో.

బుల్లెబ్బాయి

టమాటా లేకుండా ఇటలీ వాళ్ళు ఏం తింటారండీ బాబూ!

రేకుల పొయ్యి (ఆత్రేయపురం)

మాస్టారూ, తిండి సంగతి నాకొదిలెయ్యండి, మీరు ఒంటెల్ని చూసుకోండి.

బుల్లెబ్బాయ్, పేదాళ్ళకి గోధుమ జాతి గింజల జావ, రొట్టె, శనగలు, కాయధాన్యాలు, క్యాబేజీ, జున్నుగడ్డ, ఆలివ్ నూనె. ఉన్నోళ్ళకి చెప్పేదేముంది, కుండల్లో పెట్టి మేపిన ఎలుక జాతి జంతువుని కూడా వదల్లేదు. మేడ గదుల్లో చాలావాటికి వంటిల్లు ఉండదు, అందుకని వీధి కొట్టులో కొనుక్కు తినాలి. ఆ కొట్లలో జనం చేరి ఏం మాట్లాడుకుంటారోనని చక్రవర్తులకి భయం. వెస్పేసియన్ అయితే పప్పుదినుసులు తప్ప వండినదేదీ అమ్మకూడదన్నాడు. పాటించారంటే నేను నమ్మను.

ఇక గారుం. దాన్ని తప్పించుకోలేవు, తీపిలో కూడా రెండు చుక్కలు వేసేవాళ్ళున్నారు. చేప పేగులూ చిన్న చేపలూ ఉప్పూ వరసలుగా తొట్టెలో వేసి, రెండు మూడు నెలలు ఎండలో వదిలేసి, ఊరి కరిగాక పైన తేరిన రసాన్ని వడగడతారు. కంపు భరించలేక ఆ తొట్టెలు ఊరి చివర పెట్టేవాళ్ళు. ఎండుచేపల వాసనకి ముక్కు మూసుకోని మన లంకల జనానికి ఇదొక లెక్కా? చుక్కగా వేస్తే చేప తెలీదట, ఉప్పుతో కమ్మదనం వస్తుందట. ఆవ పెట్టిన కూరలో వేసి చూడాలని నాకు ఎప్పట్నుంచో కోరిక. మా ఇంట్లో వాళ్ళు తొట్టె పెట్టనివ్వరు.

అన్నం మీద మాత్రం ఆశ వదులుకోండి. బియ్యం అక్కడ మందుల జాబితాలోది. ఒక రోమన్ కవి చెప్పిన హాస్యం ఉంది. పిసినారి ఆసామి మంచాన పడితే వైద్యుడు బియ్యపు గంజి తాగమంటాడు. ఎంతకి కొన్నావంటాడు ఆసామి. తక్కువకే అంటాడు వైద్యుడు. తక్కువంటే ఎంత? ఎనిమిది ఆస్‌లు. అంతే, ఆసామి ఘొల్లుమంటాడు, రోగంతో చస్తేనేం దోపిడీతో చస్తేనేం అని. ఎనిమిది ఆస్‌లంటే అర డెనేరియస్. గంజికండీ!

చెరకు బెల్లపు తీపి కూడా అంతే. మన వైపు నుంచి వెళ్ళిన పంచదారలాంటిది వైద్యానికే వాడతారని ప్లినీ రాశాడు. తీపికి తేనె, ద్రాక్షరసం మరగకాచిన పాకం. పూతరేకు అక్కడ చుడితే వైద్యుడి చీటీ మీద అమ్ముకోవాలి.

శివారు రైతు (అంతర్వేది వైపు)

తిండి బాగానే ఉంది. నీళ్ళ సంగతి ఎవరూ చెప్పరేంటండి? పది లక్షల మంది అంటున్నారు. ఊరి పక్కన టైబర్ నది నీళ్ళేనా?

గట్టుమీద మాస్టారు

టైబర్ నీళ్ళు ఎవరూ తాగరు, వరదొస్తే మాత్రం ఊళ్ళోకి అదే వస్తుంది. తాగేవి కొండల ఊటల నుంచి వచ్చే కాలవ నీళ్ళు. 127 నాటికి అలాంటి కాలవలు 10. పి.గన్నవరంలో వైనతేయ దాటించిన పాత అక్విడెక్టు చూశారు కదా, వంపుల మీద కాలవ. రోమ్ అంటే జనం ఆ వంపులే తల్చుకుంటారు. నిజానికి మార్సియా కాలవ 91 కిలోమీటర్లు వస్తే, వంపుల మీద నడిచేది పదో పన్నెండో. తక్కినదంతా భూమిలోపలే. పంపు లేదు, మోటారు లేదు, వాలు ఒక్కటే. వీధి మలుపుల్లో రాతి తొట్టెలు, రాత్రీ పగలూ కారుతూనే ఉంటాయి, ఎవరి కుండ వాళ్ళది, డబ్బు లేదు. వర్గో అనే కాలవ ఈనాటికీ రోమ్‌లో ట్రెవి ఫౌంటెన్‌కి నీళ్ళిస్తోంది.

శివారు రైతు

రాత్రీ పగలూ కారితే శివారుకి అందినట్టే. ఎవడూ మధ్యలో గండి కొట్టడా?

గట్టుమీద మాస్టారు

మీరు అడుగుతారని తెలుసు. క్రీ.శ. 97లో ఫ్రాంటినస్ అనే ఆయన్ని నీళ్ళ అధికారిగా వేశారు. ఆయన లెక్క చూస్తే కాలవలో బయల్దేరిన నీళ్ళకీ ఊళ్ళో చేరే నీళ్ళకీ పొంతన లేదు. ఇంటికి నీళ్ళు కావాలంటే చక్రవర్తి అనుమతి కావాలి. అనుమతి ఉన్నవాడి కొలతని బట్టి కంచు తూము ఒకటి ముద్ర వేసి బిగిస్తారు. కంచే ఎందుకంటే, సీసమైతే మెత్తన, కొట్టి వెడల్పు చేసేస్తారు. అయినా ఏం చేశారూ? ముద్ర లేని పెద్ద తూము పెట్టారు. అనుమతి చేతులు మారినప్పుడు కొత్త తూముకి కొత్త చిల్లు పొడిచి, పాత చిల్లు మూయకుండా ఆ నీళ్ళు పనివాళ్ళే అమ్ముకున్నారు. వీధుల అడుగున దొంగ గొట్టాలు వేసి, పైకి చిల్లులు పొడిచి దారిపొడుగునా కొట్లకి అమ్మారు. ఆ చిల్లులు పొడిచే మనిషికి ఏకంగా ఒక పేరే ఉండేది. ఊరి బయట రైతులు కాలవ గోడకే కన్నం పెట్టి తోటలు తడుపుకున్నారు. ఇదంతా ఆయన పుస్తకంగా రాసిపెట్టాడు, ఇప్పటికీ చదువుకోవచ్చు.

శివారు రైతు

రెండువేల ఏళ్ళ కిందటే లస్కర్లు ఇలా ఉన్నారా! నాకు ఆ ఊరు బాగా నచ్చిందండి.

కొత్త సభ్యుడు 41

మాస్టారూ "మిగతావి కూడా వీధిలోనే" అని తేల్చేశారు. కాస్త వివరంగా చెప్పరూ. సిగ్గుపడుతూ అడుగుతున్నాను.

గట్టుమీద మాస్టారు

అక్కడ సిగ్గు పనికిరాదు. గోడ పొడుగునా రాతి బల్ల, బల్లకి వరసగా కన్నాలు, మధ్యన అడ్డం లేదు. పది మందో ఇరవై మందో పక్కపక్కన కూర్చుంటారు. కింద నీళ్ళు పారుతుంటాయి, కాళ్ళ దగ్గర ఇంకో సన్నటి కాలవ. కర్రకి కట్టిన స్పాంజి ఉంటుంది. అది ఒకరిదా అందరిదా అని పండితుల్లో వాదన ఉంది. తేలేదాకా మీ చెంబు మీరు పట్టుకెళ్ళండి. మూత్రాన్ని చాకళ్ళు బట్టల మురికి వదలడానికి వాడతారు, దాని మీద వెస్పేసియన్ పన్ను కూడా వేశాడు. కొడుకు ముక్కు చిట్లిస్తే నాణెం వాసన చూపించి "కంపు కొడుతోందా?" అన్నాడట.

గది అద్దెకి తీసుకునేవాళ్ళకి: మేడలు అయిదారంతస్తులు. ట్రాజన్ 60 రోమన్ అడుగులు మించొద్దన్నాడు, అంటే 18 మీటర్ల లోపు. పైకెళ్ళేకొద్దీ అద్దె తగ్గుతుంది. నీళ్ళు మోసుకోవాలి, కింద నిప్పంటుకుంటే ఆఖర్న తెలిసేది మీకే. సరుకుల బళ్ళు పగలు ఊళ్ళో తిరక్కూడదని జూలియస్ సీజర్ నాటి చట్టం, కాబట్టి రాత్రి నిద్ర ఉండదు. చీకటి పడ్డాక కిటికీల కింద నడవకండి, కుండలు ఖాళీ చేస్తారు. పైనుంచి పడినదాని వల్ల మనిషి చచ్చిపోతే ఆ ఇంటివాడు 50 బంగారు నాణేలు కట్టాలని న్యాయం. డబ్బు మీ చేతికి రాదనుకోండి.

రేకుల పొయ్యి

అందుకేనన్నమాట జనం ఇంటికి పోకుండా సాయంత్రం దాకా స్నానాల దగ్గరే పడి ఉండేది.

గట్టుమీద మాస్టారు

అదేనండి. గదిలో లేనిదంతా అక్కడ ఉంది. ట్రాజన్ స్నానశాలకి మధ్యాహ్నం దాటాక వెళ్ళండి. జబ్బుపడ్డవాళ్ళు తప్ప ఎనిమిదో గంటకి ముందు ఎవరూ స్నానం చెయ్యకూడదని హేడ్రియన్ ఉత్తర్వు. ఎనిమిదో గంటంటే గడియారంలో ఎనిమిది కాదు. పొద్దు పొడిచినప్పట్నుంచి గుంకేదాకా 12 భాగాలు, కాబట్టి ఎండాకాలం గంట పొడుగు, చలికాలం గంట మన ముప్పావు గంటే. బట్టలు గూట్లో పెట్టి కాపలాకి మనిషిని పెట్టుకోండి, దొంగలెక్కువ. సబ్బు లేదు. ఒళ్ళంతా నూనె పట్టించి, వంకర కంచు బద్దతో గీకి తీస్తారు, మురికీ నూనే కలిసి బద్ద మీదుగా కారతాయి. తర్వాత గోరువెచ్చ గది, వేడి గది, చివర్న చన్నీళ్ళ కొలను.

హేడ్రియన్ మీద ఒక కథ చెప్పుకుంటారు. ఆయన మామూలు జనంతో కలిసి స్నానానికి వెళ్ళేవాడు. ఒకసారి తన సైన్యంలో పనిచేసిన ముసలాయన గోడకి వీపు రుద్దుకుంటూ కనపడ్డాడు. ఏమిటయ్యా అంటే, రుద్దడానికి బానిస లేడన్నాడు. హేడ్రియన్ అక్కడికక్కడే బానిసల్నీ వాళ్ళ పోషణకి డబ్బునీ ఇచ్చాడు. తర్వాత ఓ రోజు వెళ్ళేసరికి ఊళ్ళో ముసలాళ్ళంతా గోడకి వీపులు ఆనించి తెగ రుద్దేస్తున్నారు. వాళ్ళని పిలిచి, ఒకళ్ళ వీపు ఒకళ్ళు రుద్దుకోండన్నాడు.

బుల్లెబ్బాయి

😂😂 ఈ చక్రవర్తి మా వైపు మనిషేనండి, అనుమానం లేదు.

లేసుఅల్లిక (నరసాపురం)

కథ బాగుంది. ఇందాకట్నుంచి చదువుతున్నాను, ఈ గైడు అంతా మగవాళ్ళకే ఉంది. మేం ఎక్కడ ఉండాలి? స్నానాల దగ్గర మాకు వేరే చోటుందా?

గట్టుమీద మాస్టారు

ఉంటుందమ్మా. ఆడవాళ్ళూ మగవాళ్ళూ విడిగా చెయ్యాలని హేడ్రియనే ఆదేశించాడు. కొలోసియంలో ఆడవాళ్ళకి అన్నిటికన్నా పై వరస. రథాల పందేల దగ్గర మాత్రం అందరూ కలిసే కూర్చుంటారు. ఓటు లేదు, పదవి లేదు. ఆస్తి ఉంటుంది. 127లో ఊళ్ళో కట్టుబడికి ఇటుకలు ఎక్కడివా అని తిరగేసి చూస్తే, డొమీషియా లుసిల్లా అనే ఆవిడ బట్టీల ముద్ర చాలా ఇటుకల మీద కనపడుతుంది. ఆవిడ కొడుక్కి అప్పటికి ఆరేళ్ళు. పెద్దయ్యాక మార్కస్ ఆరీలియస్ చక్రవర్తి అవుతాడు. మన తీరం సన్నబట్ట కొనేదీ అలాంటి ఇళ్ళవాళ్ళే, మీ చేతిపనికి గిరాకీ ఉంటుంది.

లేసుఅల్లిక

గిరాకీ సరే. ఇంకోటి అడుగుతాను, ఎవరూ అడగలేదు గనక. వేడి గది అన్నారు. ఆ వేడి ఎక్కణ్ణుంచి వస్తుంది?

గట్టుమీద మాస్టారు

నేల కింద ఖాళీ ఉంటుంది, పొట్టి ఇటుక స్తంభాల మీద నేల నిలబడుతుంది. పక్కన కొలిమి. పొగా వేడీ ఆ ఖాళీలోంచి వెళ్ళి గోడల్లో గొట్టాల గుండా పైకి పోతాయి.

లేసుఅల్లిక

కొలిమిలో కట్టె ఎగదోసేది ఎవరని అడుగుతున్నాను.

గట్టుమీద మాస్టారు

బానిసలు.

లేసుఅల్లిక

కథలో వీపు రుద్దే వాళ్ళని కూడా కానుకగా ఇచ్చేశాడు, మనం నవ్వేసుకున్నాం. రొట్టెల తిరగలి దగ్గర వాళ్ళే, కుండ మేడ ఎక్కించేది వాళ్ళే. పైన వేడి గదిలో కూర్చున్నవాడికి అర్ధణాకి స్వర్గం, కింద కొలిమి దగ్గర ఉన్నవాడు ఆ ఊళ్ళో లేడా? గైడులో ఆ సంగతి కూడా రాయండి. మనం చేరే రోజున ఏ చిట్టాలో మన పేరు ఎక్కిస్తారో ఎవరు చూడొచ్చారు. చేతిలో మిరియాల మూట లేకపోతే మనమూ సరుకే.

గట్టుమీద మాస్టారు

రాస్తాను. మొదటి పోస్టులోనే కలుపుతాను, పైన ఉండేలా.

కత్తిలేని పుంజు (భీమవరం)

వాతావరణం వేడెక్కింది, నేను పందేల వైపు వెళ్తాను. సర్కస్ మాక్సిమస్ అనే రథాల పందేల మైదానంలో లక్షన్నర మందికి పైగా పడతారు, ప్రవేశం ఉచితం. జట్లు నాలుగు రంగులు: ఎరుపు, తెలుపు, నీలం, ఆకుపచ్చ. ఏడు చుట్లు. మలుపు దగ్గర రాతిస్తంభాలకి ఎంత దగ్గరగా కోస్తే అంత లాభం, కాస్త తగిలితే రథం తునకలే. తోలేవాడు పగ్గాలు నడుముకి చుట్టుకుంటాడు, పడితే కోసుకోడానికి కత్తి దగ్గర పెట్టుకుంటాడు.

127లో చూడాల్సిన కుర్రాడు డయోక్లీస్, ఇప్పటి పోర్చుగల్ వైపు వాడు. 122లో తెల్ల జట్టుతో మొదలెట్టాడు, తొలి గెలుపుకి రెండేళ్ళు పట్టింది. 128లో ఆకుపచ్చలోకి వెళ్తాడు, ఆ తర్వాత ఎరుపు. మానేసేనాటికి 4,257 పందేల్లో 1,462 గెలుపులు, సంపాదన 3 కోట్ల 58 లక్షల సెస్టెర్షియస్‌లకి పైన. (నాలుగు సెస్టెర్షియస్‌లు ఒక డెనేరియస్.) ఈ లెక్కంతా శాసనంలో చెక్కించారు. మూడింట ఒకటి గెలిచినవాడు మహావీరుడు అయ్యాడంటే, మిగతావాళ్ళ మీద కాసినోళ్ళ గతి ఊహించుకోండి.

బుల్లెబ్బాయి

పాచికలు ఆడొచ్చాండీ అన్నాయ్? పోలీసులు పట్టుకోరా?

కత్తిలేని పుంజు

చట్టప్రకారం జూదం నిషేధం. డిసెంబరు 17 నుంచి సాటర్నేలియా పండగ రోజుల్లో మాత్రం చూసీ చూడనట్టు వదిలేస్తారు. ఆ పద్ధతి గురించి భీమవరం వాణ్ణి నన్నే అడుగుతున్నావా?

బుల్లెబ్బాయి

😂 ఇంకొక్కటి. ఉచిత గోధుమలు ఇస్తారంట కదా. మనకి కార్డు రాయించుకోవచ్చా?

గట్టుమీద మాస్టారు

నెలకి 5 మోడియస్‌లు, దాదాపు 33 కిలోలు. అగస్టస్ చక్రవర్తి ఆ జాబితాని 2 లక్షల మంది దగ్గర కట్టేశాడు. పౌరుడై ఉండాలి, మగవాడై ఉండాలి, ఊళ్ళోనే కాపురం ఉండాలి. నీకు మిరియాల మూటే గతి.

వైనతేయ ఒడ్డు (ఆదుర్రు)

ఆలస్యంగా వచ్చాను. మా ఊరి దిబ్బ మీద బౌద్ధ స్తూపం ఉంది. ఆ రోజుల్లో ఈ నది ఒడ్డున జనం ఖాళీగా ఏం కూర్చోలేదు. తిరుగు ప్రయాణం ఎవరూ చెప్పలేదు, అది చెప్పండి మాస్టారూ. వెళ్ళడమేనా, రావడం లేదా?

గట్టుమీద మాస్టారు

వచ్చే గాలి నైరుతిది. జూలైలో ఎర్రసముద్రం రేవులో ఉండాలి. అంటే ఏప్రిల్, మే కల్లా రోమ్ వదిలెయ్యాలి. సెప్టెంబరుకి ముచిరి. అక్కణ్ణుంచి మన తీరానికి తొందరపడకండి, అక్టోబరు, నవంబరుల్లో మన వైపు తుపానులు ఎవరికి తెలీవు. జనవరిలో ఇల్లు చేరండి. మొత్తమ్మీద గది అద్దె ఏడాదికి కట్టినా పది నెలలే ఉంటారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో రోమ్‌లో చలిజ్వరాలు జాస్తి. డబ్బున్నోళ్ళు ఊరొదిలి కొండలకి పోతారు. దోమతెర ఉంటే పట్టుకెళ్ళండి.

శివారు రైతు

మాస్టారూ, ఒకటే సందేహం. ఆ నీళ్ళ శాఖలో మనకేమన్నా పని దొరుకుద్దా? కాలవ పని పుట్టినప్పట్నుంచీ తెలుసు.

గట్టుమీద మాస్టారు

ఫ్రాంటినస్ లెక్క ప్రకారం ఆ శాఖలో పనివాళ్ళు 700 మంది, ఊరి తరఫున 240, చక్రవర్తి తరఫున 460. అందరూ బానిసలే. లేసుఅల్లిక గారు చెప్పింది అదే. ఉద్యోగం కావాలంటే ముందు అమ్ముడుపోవాలి.

శివారు రైతు

అయితే వద్దులెండి. జూన్‌లో కాలవలకి నీళ్ళు వదుల్తామన్నారు, మా పంటబోదె నిండా గుర్రపుడెక్క. అది తీయించాలి. ఎవరికైనా కూలీలు తెలిస్తే విడిగా మెసేజ్ పెట్టండి.